ఇంటి పెద్దల కథ: రికార్డింగు నుంచి పుస్తకం దాకా ఎలా చేయాలి?

"తాతయ్యకి ఎనభై తొమ్మిది. ఆయన చెప్పేవన్నీ రాసిపెట్టాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే ఒకచోట మొదలుపెట్టి ఉంటారు: వంశవృక్షం దగ్గర. ఏడు తరాల పేర్లకోసం నెలల తరబడి చుట్టాలకి ఫోన్లు చేస్తూ ఉంటారు. ఈలోపు తాతగారికి మాట తడబడడం మొదలవుతుంది. పేర్లు కాగితాల్లో, ఇంకో పది మంది జ్ఞాపకాల్లో ఉంటాయి, తర్వాతైనా దొరుకుతాయి. ఆయన గొంతు ఆయన దగ్గరే ఉంది. అందుకని ముందు గొంతు, తర్వాత కాగితాలు, ఆ తర్వాతే రాత. వంశవృక్షం దారిలో దానంతటదే తయారవుతుంది.

కావలసినవి

- స్మార్ట్ ఫోన్, అందులో కనీసం 10 జీబీ ఖాళీ.
- కాలర్‌కి పెట్టుకునే వైరు మైకు. లేకపోయినా పని నడుస్తుంది, ఉంటే టైపు చేసేటప్పుడు మీ ప్రాణం సుఖంగా ఉంటుంది.
- ఇయర్‌ఫోన్లు.
- 200 పేజీల నోటుబుక్కు, మెత్తటి పెన్సిలు (2బీ).
- ఒక హార్డ్ డిస్కు, ఒక పెన్‌డ్రైవు.
- ప్రభవ నుంచి అక్షయ దాకా 60 తెలుగు సంవత్సరాల పేర్ల పట్టిక. ఏ పంచాంగంలోనైనా ఉంటుంది.
- ఇంట్లో ఉన్న పాత ఫోటోలు, శుభలేఖలు, దస్తావేజులు. వీటిని సర్దాల్సిన పని ఇప్పుడు లేదు, ఎక్కడున్నాయో తెలిస్తే చాలు.

సమయం లెక్క కూడా ముందే వేసుకోండి. పది గంటల మాటలు రికార్డు చేస్తే టైపు చేయడానికి యాభై, అరవై గంటలు పడుతుంది. ఏరి, కుదించాక సుమారు 120 పేజీల పుస్తకం వస్తుంది. రోజుకో గంట కూర్చుంటే ఆరు నెలల పని.

1. ఎవరు అడగాలో తేల్చుకోండి, ఒప్పుకోలు తీసుకోండి

కొడుకులు, కూతుళ్ళకంటే మనవలు అడిగితే పెద్దవాళ్ళు ఎక్కువ చెబుతారు. కొడుకు అడిగితే "నీకు తెలియందేముందిరా" అంటారు. ఆస్తి పంపకాల్లో మాటపట్టింపులున్న మనిషి అయితే అసలు అడగకూడదు, పక్కన కూర్చోకూడదు కూడా.

భార్యాభర్తలిద్దరూ ఉంటే విడివిడిగా రికార్డు చేయండి. కలిపి కూర్చోబెడితే ఆయన మాట్లాడతారు, ఆవిడ "అవును" అంటారు. లేదా ఆవిడ చెప్పే ప్రతిదాన్నీ ఆయన దిద్దుతారు. చివర్లో ఒకసారి ఇద్దర్నీ కలిపి కూర్చోబెడితే ఆ వాదులాటా బాగుంటుంది. అది చివర్లోనే.

దేనికోసం రికార్డు చేస్తున్నారో, ఎవరు వింటారో ముందే చెప్పండి. "ఇది రాయకు" అని ఎప్పుడైనా అనవచ్చని కూడా చెప్పండి. ఆ ఒప్పుకోలును మొదటి రికార్డింగులోనే వాళ్ళ నోటితో చెప్పించండి.

2. రికార్డింగు ఏర్పాటు

ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. చాలా ఫోన్లలో కాల్ రాగానే రికార్డింగు ఆగిపోతుంది, మళ్ళీ దానంతటది మొదలవదు. అరగంట పోయాక గాని మీకు తెలియదు.

రికార్డర్ యాప్ సెట్టింగుల్లో వేవ్ (కుదించని ఫైలు రకం) ఉంటే అది ఎంచుకోండి, మోనో చాలు. గంటకు సుమారు 320 ఎంబీ పడుతుంది. వేవ్ లేకపోతే ఎం4ఏ, 128 కేబీపీఎస్. గంటకు 60 ఎంబీ లోపే అవుతుంది, మాటలకి అది సరిపోతుంది. 'స్కిప్ సైలెన్స్', 'నాయిస్ రిడక్షన్' లాంటివి ఉంటే ఆపేయండి. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పే మాటల్ని అవి చప్పుడు కింద లెక్కగట్టి కోసేస్తాయి. గొంతు తగ్గించి చెప్పేవే మీకు అన్నిటికంటే ముఖ్యమైనవి.

మైకు గడ్డానికి ఒక జానెడు కింద ఉండాలి. గంజిపెట్టిన చీర, పట్టుచీర మైకుకి రాసుకుంటే బరబరమంటుంది. మంగళసూత్రం గొలుసు తగిలితే టకటకమంటుంది. పైట లేని వైపు భుజం దగ్గర జాకెట్టుకి పెడితే రెండు బాధలూ తప్పుతాయి. మైకు లేకపోతే ఫోన్‌ని మడిచిన తువ్వాలు మీద పెట్టి, మనిషికి అడుగు దూరంలో ఉంచండి. నేరుగా బల్లమీద పెడితే బల్లమీద చెయ్యి ఆనినా పిడుగు పడ్డట్టు వినిపిస్తుంది.

సీలింగ్ ఫ్యాను ఆపేయాలి. వేసవిలో ఆపలేరు కాబట్టి పొద్దున్నే ఏడు, తొమ్మిది మధ్య కూర్చోండి. వంటింటికి దూరంగా ఉండే గది చూసుకోండి. కుక్కర్ కూత వచ్చిన చోట మాట పోయినట్టే.

సరిచూడడం: ఒక నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. ప్రతి మాటా తెలియాలి. తెలియకపోతే మైకు జరపండి, యాప్ మార్చండి. "తర్వాత శుభ్రం చేసుకోవచ్చులే" అనుకోకండి. మొదలుపెట్టిన ప్రతిసారీ తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు, అడిగేవారి పేరు మీ గొంతుతో చెప్పండి. ఫైలు పేరు పోయినా ఆ మాట లోపల ఉంటుంది.

మీరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి వీడియో కాల్‌లో అడుగుతున్నారా? కాల్‌ని రికార్డు చేయకండి, నెట్ తగ్గినప్పుడల్లా మాటలు మింగేస్తుంది. పెద్దవారి పక్కన ఇంకో ఫోన్ పెట్టించి, రికార్డింగు అందులో నడిపించండి. ఆ ఫైలు వాట్సాప్‌లో పంపాల్సి వస్తే 'డాక్యుమెంట్'గా పంపమనండి.

3. అడగడం

"మీ చిన్నతనం గురించి చెప్పండి" అంటే వచ్చే జవాబు ఒకటే: "ఏముంది నాన్నా, కష్టాలు పడ్డాం." అక్కడితో ఆగిపోతుంది. జీవితం గురించి కాకుండా ఇల్లు గురించి అడగండి. "మీ పుట్టింట్లో వీధి గుమ్మం దాటితే ముందు ఏమొస్తుంది?" వాళ్ళు చెబుతుంటే మీరు నోటుబుక్కులో ఆ ఇంటి పటం గీయండి, గీసింది చూపించండి. "అబ్బే, గాదె అటు కాదు, ఇటు" అంటూ పెన్సిలు లాక్కుంటారు. ఆ క్షణం నుంచి మీరు ప్రశ్నలు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

పటం గీశాక: ఎవరు ఎక్కడ పడుకునేవారు? పురుడు ఏ గదిలో? ధాన్యం గాదెలోనా, పాతరలోనా? నీళ్ళు ఎక్కడినుంచి, ఎవరు మోసేవారు? ఎవరు గడప లోపలికి రాకూడదు, ఎవరికి విడిగా గ్లాసు ఉండేది? ఈ చివరి ప్రశ్న ఇబ్బందిగా ఉంటుంది. అయినా అడగండి, మీ ఊరి చరిత్ర సగం దానిలోనే ఉంది.

చిన్న జవాబు వచ్చినప్పుడు దాని మీదే ఇంకో రెండు ప్రశ్నలు వేయాలి. ఇలా:

"నీళ్ళు ఎక్కడ్నుంచి తెచ్చేవాళ్ళు అమ్మమ్మా?"
"చెరువు నుంచే. ఇంకెక్కడ్నుంచి?"
"ఎన్ని బిందెలు?"
"పొద్దున నాలుగు, సాయంత్రం మూడు. మా వదినకి నెలలు నిండాక అన్నీ నేనే మోశా."
"అప్పుడు పుట్టిందెవరు?"

మూడో ప్రశ్నకి ఒక వదిన, ఒక బిడ్డ, ఒక సంవత్సరం దొరికాయి. మొదటి జవాబు దగ్గర ఆగి ఉంటే మీకు మిగిలేది చెరువొక్కటే.

వృత్తిపని చేసినవాళ్ళయితే మాటతో పాటు చేతుల్ని వీడియో తీయండి. నేత పనివారు ఆసు పోయడం (నూలుని మేకుల చుట్టూ తిప్పి వరస చేయడం) ఎలాగో నోటితో చెబితే మీకు సగమే అర్థమవుతుంది. గాల్లో వేళ్ళు తిప్పి చూపిస్తే మిగతాది తెలుస్తుంది. పడుగు, పేక లాంటి మాటలు వాళ్ళు ఎలా పలికితే అలాగే రాసుకోండి.

తరచుగా జరిగే తప్పులు: మధ్యలో అందుకోవడం. తెలిసిన కథ అయితే మీరే పూర్తిచేయడం. "అది 1965 కాదు తాతయ్యా" అని దిద్దడం. ఒకసారి దిద్దితే ఆ పూటకి ఆయన మాట్లాడరు. మౌనం వస్తే మనసులో పది లెక్కపెట్టండి, ఎనిమిదో అంకె దగ్గర మాట వస్తుంది. ఒక్కో విడత 45 నిమిషాలు, మించితే గంట. వారానికి రెండుసార్లు. భోజనం చేశాక కూర్చోబెట్టకండి.

మతిమరుపు మొదలైనవాళ్ళని "గుర్తుందా?" అని అడగకండి, అది పరీక్షలా ఉంటుంది. ఫోటో చేతిలో పెట్టండి. దంపుళ్ళ పాటో, ఏలపాటో మొదటి చరణం మీరు అందుకోండి. నిన్నటి భోజనం గుర్తులేని మనిషి పాటని చివరిదాకా పాడేస్తారు. అదే రికార్డు చేయండి.

4. తేదీలు కట్టడం

ఎక్కువమంది చేతులెత్తేసేది ఇక్కడే. పెద్దవాళ్ళు సంవత్సరం అంకెల్లో చెప్పరు, చెప్పినా నమ్మడానికి లేదు. వాళ్ళు సంఘటనలతో చెబుతారు. ఆ సంఘటనల తేదీలు మీ దగ్గర ఉండాలి. నోటుబుక్కు చివరి పేజీలో ఇవి రాసిపెట్టుకోండి:

- జపాను వాళ్ళు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది: 1942 ఏప్రిల్ 6. ఉత్తరాంధ్ర కుటుంబాల్లో రంగూన్ నుంచి నడిచి వచ్చినవాళ్ళ కథలూ ఆ ఏడాదివే.
- హైదరాబాద్ రాజ్యంలో పోలీస్ యాక్షన్: 1948 సెప్టెంబరు 13–17. "రజాకార్ల కాలం" అంటే దానికి కొంచెం ముందు.
- రాయలసీమలో గంజి కేంద్రాల కరువు: 1952 ప్రాంతం.
- కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం: 1953 అక్టోబరు 1. ఆంధ్రప్రదేశ్: 1956 నవంబరు 1.
- అణాలు పోయి నయాపైసలు వచ్చింది: 1957 ఏప్రిల్ 1.
- నాగార్జునసాగర్ కాలవలకి నీళ్ళు వదిలింది: 1967 ఆగస్టు.
- దివిసీమ ఉప్పెన: 1977 నవంబరు 19.
- అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మీద పడుతుందని ఊళ్ళు భయపడింది: 1979 జూలై.
- గోదావరి పెద్ద వరద: 1986 ఆగస్టు.
- గోదావరి పుష్కరాలు: 1979, 1991, 2003, 2015. కృష్ణా పుష్కరాలు: 1980, 1992, 2004, 2016.

వాడే పద్ధతి ఇది. "ఉప్పెన వచ్చినప్పుడు మా చిన్నోడు చంకలో ఉన్నాడు, నడక రాలేదు" అన్నారనుకోండి. ఏడాది లోపు బిడ్డ. అంటే 1976 చివర్లోనో 1977లోనో పుట్టాడు. "దోగాడేవాడా, కూర్చునేవాడా?" అని అడిగితే ఇంకా దగ్గరికి వస్తారు.

జాగ్రత్త: తుఫాను అనగానే 1977 వేసేయకండి. 1990 మేలో ఒకటి, 1996 నవంబరులో కోనసీమని కొట్టింది ఇంకొకటి ఉన్నాయి. "ఎండాకాలమా? వరి కోతకొచ్చిందా? కొబ్బరిచెట్లు పడ్డాయా, సముద్రం ఊళ్ళోకి వచ్చిందా?" అని అడిగితే తేలిపోతుంది. సినిమాతో తేదీ కట్టకండి. ఊళ్ళో టూరింగ్ టాకీసుకి సినిమా విడుదలైన రెండు మూడేళ్ళకి వచ్చేది. "కరెంటు వచ్చిన ఏడాది" ఒక్కో ఊరికి ఒక్కోటి. మీ ఊళ్ళో ఇంకో ఇద్దర్ని అడిగాకే రాయండి.

తెలుగు సంవత్సరం పేరు చెబితే పని సులువు, ఒక్క మెలిక తప్ప. ఉగాదికి ముందు వచ్చే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు పాత సంవత్సరం కిందికే వస్తాయి. విజయ నామ సంవత్సరం అంటే 1953 ఉగాది నుంచి 1954 ఉగాది దాకా. "విజయ, పుష్యమాసం" అంటే 1954 జనవరి. పట్టిక చూసి 1953 వేస్తే ఏడాది తేడా వస్తుంది. పేర్లు అరవై ఏళ్ళకి మళ్ళీ వస్తాయి కాబట్టి విజయ 1893లోనూ ఉంది, 2013లోనూ ఉంది. తాతల తండ్రుల విషయంలో ఏ చుట్టో చూసుకోండి.

పాత భూమి కాగితాల్లో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటుంది. దానికి 590 కలపండి: ఫసలీ 1358 అంటే 1948లో మొదలైన సంవత్సరం. ఆంధ్ర ప్రాంతంలో ఫసలీ జూలైలో మొదలవుతుంది, నిజాం రాజ్యపు కాగితాల్లో అక్టోబరులో.

డబ్బు సంగతి కూడా ఇక్కడే. తెలంగాణ పెద్దలు "రెండు వందల రూపాయలకి కొన్నం" అంటే హాలీయా (నిజాం రూపాయి), కల్దారా (బ్రిటిష్ రూపాయి) అని అడగండి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకి సమానం. పుట్టి, తూము, కుంచం, మానిక లాంటి కొలతల్ని కిలోల్లోకి మార్చకండి, ఊరూరికీ తేడా ఉంటుంది. వాళ్ళ కొలతే రాసి, "మా ఊళ్ళో తూముకి ఇన్ని కుంచాలు" అని వాళ్ళు చెప్పిన లెక్క పక్కన పెట్టండి.

5. కాగితాలు, ఫోటోలు

మాటకి కాగితం తోడు కావాలి, కాగితానికి మాట తోడు కావాలి. ఏ ఒక్కటీ నిజమని ముందే నమ్మకండి. ముఖ్యంగా పుట్టిన తేదీలు. పాతకాలం బడిలో చేర్చుకునేటప్పుడు పంతులుగారు వయసు సరిపోయేలా ఏదో ఒక తేదీ వేసేవారు. పుట్టినరోజు జూలై 1 అనో జనవరి 1 అనో ఉంటే అనుమానించండి. ఆధార్ కార్డులో తేదీ చాలాసార్లు దాని నకలే.

వెతకాల్సినవి: ఎస్సెస్సెల్సీ పుస్తకం (పాత బడి సర్టిఫికెట్టు), శుభలేఖలు, కార్డుముక్కల మీద తపాలా ముద్ర, దస్తావేజులు, తెలంగాణలో 1954–55 ఖాస్రా పహాణీ, ఆంధ్రలో అడంగల్ (రెండూ ఊరి భూముల రికార్డులు). క్రైస్తవ కుటుంబాలకి చర్చిలో బాప్తిస్మం రిజిస్టరు, ముస్లిం కుటుంబాలకి నికానామా దొరుకుతాయి. స్టాంపు కాగితం మీద రాజుగారి బొమ్మ కూడా ఆధారమే: అయిదో జార్జి అయితే 1910–36 మధ్యది, ఆరో జార్జి అయితే ఆ తర్వాతది. ఆస్తి లావాదేవీల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతిరాత పుస్తకాల్లో వెతికించాలి. కరణాలు అక్షరాలు కలిపి రాసిన గొలుసుకట్టు చదవలేకపోతే ఊళ్ళో పాత దస్తావేజు లేఖరులు ఎవరైనా ఉన్నారేమో చూడండి, వాళ్ళూ తగ్గిపోతున్నారు.

ఊరి చరిత్ర కావాలంటే బ్రిటిష్ సర్వే అధికారి కల్నల్ మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో (ఊరి వృత్తాంతాల్లో) మీ ఊరుందేమో చూడండి. 1800 ప్రాంతంలో గ్రామ కరణాలు చెప్పగా రాసుకున్నవి. పాత మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల రికార్డులు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, నిజాం కాలపువి హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాత తెలుగు పత్రికలకి వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం.

స్కానింగు: కాగితాలు 300 డీపీఐ, చిన్న ఫోటోలు 600. భద్రపరిచే కాపీ టిఫ్‌లో, పంచుకునేది జేపెగ్‌లో. స్కానర్ లేకపోతే కిటికీ పక్క నీడలో, ఫోటోకి ఫోన్ సరిగ్గా సమాంతరంగా పట్టుకుని తీయండి. ఫ్లాష్ వద్దు. వెనకవైపు కూడా తీయండి, పేర్లు, స్టూడియో ముద్ర అక్కడే ఉంటాయి. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని పీకకండి, అద్దంతోనే తీయండి.

చేయకూడనివి: లామినేషన్. సెల్లోటేపు. ఫోటో వెనక బాల్‌పెన్నుతో రాయడం (ముందువైపుకి గాడి పడుతుంది, ఇంకు దిగుతుంది). అంచున పెన్సిలుతో మెల్లగా రాయండి. తాటాకులు దొరికితే నూనె పుయ్యడం, తుడవడం పెట్టుకోకుండా ఫోటోలు తీసి ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో చూపించండి.

6. టైపు చేయడం

విన్న రోజే మొదలుపెడితే అర్థంకాని మాట వాళ్ళనే అడగవచ్చు. రికార్డింగుని స్పీకర్‌లో పెట్టి ఫోన్ వాయిస్ టైపింగ్‌కి వినిపిస్తే సగం తప్పులు వస్తాయి. ఇయర్‌ఫోన్‌లో వింటూ ఆ మాటల్ని మీరు మళ్ళీ పలకండి, మీ గొంతుని అది బాగా పట్టుకుంటుంది. యాస మాత్రం చేత్తో దిద్దాలి. "పోయినం"ని అది "పోయాం" చేసేస్తుంది. ప్రతి అయిదు నిమిషాలకీ సమయం వేయండి. తెలియని మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టి ముందుకి వెళ్ళండి.

7. రాత

ఇక్కడ పుస్తకాలు ఎక్కువగా ఎలా చెడిపోతాయో ఒక ముక్క పెట్టి చూపించవచ్చు. రికార్డింగులో ఇలా ఉందనుకోండి:

"అప్పుడు... అదేంటీ... మా నాన్న ఆ బండి కట్టించాడు, రెండెడ్ల బండి, కట్టించి, మా అమ్మ ఏడుస్తా ఉంది, నేనేమో బండెక్కి కూచున్నా, నాకేం తెలుసు, తిరనాళ్ళకేమో అనుకున్నా."

చాలామంది దీన్ని ఇలా మారుస్తారు: "నా తండ్రిగారు ఎడ్లబండిని సిద్ధపరచగా, నా మాతృమూర్తి కన్నీరుమున్నీరుగా విలపించినది. అభం శుభం ఎరుగని నేను శకటమును అధిరోహించితిని."

అమ్మమ్మ పోయింది, తిరనాళ్ళు పోయాయి. చేయాల్సింది ఇంతే: "మా నాన్న రెండెడ్ల బండి కట్టించాడు. మా అమ్మ ఏడుస్తా ఉంది. నేనేమో బండెక్కి కూచున్నా. నాకేం తెలుసు, తిరనాళ్ళకేమో అనుకున్నా."

తడబాట్లు, రెండోసారి అన్నవి తీసేయండి. క్రియలు, యాస, వరస ముట్టుకోవద్దు. వివరణ కావలసిన చోట మీ మాటల్ని వేరే టైపులో, వేరే పేరాలో పెట్టండి. ఎవరి గొంతు ఏదో చదివేవాళ్ళకి తెలియాలి.

అధ్యాయాల్ని పుట్టుక నుంచి వరసగా పెట్టాలని లేదు. ఇళ్ళ వారీగా పెట్టిచూడండి: పుట్టిల్లు, అత్తగారిల్లు, వలసవెళ్ళిన ఊరు. షోలాపూర్, భివండీ మగ్గాలకో, రాయచూరు వైపు వలస రైతుల క్యాంపులకో, శ్రీశైలం ముంపులో ఊరు పోయి కొత్త కాలనీకో వెళ్ళిన కుటుంబాలకి ఇది బాగా కుదురుతుంది.

8. సరిచూడడం

ఒక కాగితం మీద సంవత్సరాలు నిలువుగా వేసి, ఎదురుగా వయసు, సంఘటన రాయండి. ఉదాహరణకి అమ్మమ్మ మాటలు: పెళ్ళికి పదకొండేళ్ళు, ఆ ఏడే స్వతంత్రం. నాలుగో ఏడు కాపరానికి. పెద్దమ్మాయి పుట్టింది విజయ పుష్యమాసం, అప్పటికి పదిహేడు. ఆధార్‌లో పుట్టిన తేదీ: 1942 జనవరి 1.

1947లో పదకొండు అంటే 1936లో పుట్టినట్టు. 1954 జనవరికి పదిహేడు, సరిపోయింది. ఆధార్ ప్రకారమైతే పెళ్ళికి అయిదేళ్ళు, మొదటి కాన్పుకి పన్నెండు. మూడు మాటలు ఒకదానికొకటి సాక్ష్యం చెబుతున్నాయి, కార్డు ఒంటరిగా ఉంది. కాబట్టి "సుమారు 1936" అని రాయండి. 'సుమారు' అన్న మాట తప్పుకాదు, తెలియని తేదీని తెలిసినట్టు వేయడమే తప్పు. ఇంకో మాట: 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లకి పెళ్ళి చేస్తే నేరం. అందుకని కాగితాల్లో వయసు పెంచి రాసిన ఇళ్ళున్నాయి, అడిగితే తడుముకునే పెద్దలూ ఉన్నారు.

ఒక సంఘటన ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ వేయండి, ఎవరేది చెప్పారో పేరుతో.

9. వంశవృక్షం

ఇప్పటికి సగం పేర్లు వచ్చేసి ఉంటాయి. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఒకే పేరు మూడుచోట్ల వస్తుంది. పక్కన (1), (2), (3) వేయండి. కోడళ్ళకి పుట్టింటి ఇంటిపేరు, ఊరు తప్పక రాయండి. అవి రాయని వంశవృక్షంలో ఆడవాళ్ళు ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు ఉంటారు. పసితనంలో పోయిన బిడ్డల్ని, దత్తతల్ని, ఇల్లరికాల్ని వదలకండి. మేనరికాల్లో ఒకే మనిషి రెండుచోట్ల వస్తారు, జంట గీతతో కలపండి.

మీ కులానికి గోత్రాలు, కథలు చెప్పే ఆశ్రితులు, అంటే పిచ్చుకుంట్లవారు, భట్రాజులు, కూనపులివారు, డక్కలివారు లాంటివాళ్ళు ఇంకా వస్తుంటే వాళ్ళనీ రికార్డు చేయండి, ఇవ్వాల్సింది ఇచ్చి. కాశీ, గయ వెళ్ళినప్పుడు అక్కడి పండాల పుస్తకాల్లో మీ తాతల సంతకాలు అడగండి.

10. వదలాల్సినవి

బతికున్నవాళ్ళ ఆరోగ్యం, అప్పులు, రెండో పెళ్ళి లాంటివి వాళ్ళని అడక్కుండా అచ్చులో పెట్టకండి. "ఆ పొలం మాదే, వాళ్ళు కలిపేసుకున్నారు" అన్న మాట కాగితం లేకుండా వేస్తే పుస్తకం కోర్టు మెట్లెక్కుతుంది. రికార్డింగు మాత్రం చెరపవద్దు. "ఇన్నేళ్ళ దాకా వినకూడదు" అని పేరు పెట్టి విడిగా ఉంచండి.

11. అచ్చు

మీరు యూనికోడ్‌లో టైపు చేసి ఉంటారు. చాలా డీటీపీ సెంటర్లు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత పద్ధతి) పనిచేస్తాయి. మార్చేటప్పుడు ఒత్తులు, 'క్ష', రావత్తు, పొల్లు దెబ్బతింటాయి. మార్చాక మొదటి పేజీ నుంచి మళ్ళీ ప్రూఫు చూడాల్సిందే, ముందు చూసిన ప్రూఫు లెక్కలోకి రాదు. యూనికోడ్‌లోనే పేజీలు కట్టేవారు దొరికితే వాళ్ళకే ఇవ్వండి. పని అయ్యాక పీడీఎఫ్, మూల ఫైలు రెండూ తీసుకోండి.

సైజు డెమీ 1/8 (మామూలు తెలుగు పుస్తకాల సైజు). పేజీలు 16 గుణకంలో ఉంటే ఫారాలు (ఒక్కసారిగా అచ్చయ్యే పెద్ద షీట్లు) వృథా కావు. అక్షరం 13 పాయింట్లకంటే తగ్గించకండి, మొదట చదివేది ముసలి కళ్ళే. కాగితం 80 జీఎస్ఎం మ్యాప్లిథో. 100 కాపీల్లోపు డిజిటల్ ముద్రణ, 300 దాటితే ఆఫ్‌సెట్ చవక. బైండింగు కుట్టుతో చేయించండి, జిగురొక్కటే అయితే నాలుగు వేసవులకి పేజీలు ఊడతాయి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) ఇంట్లో పంచుకునే పుస్తకానికి అక్కర్లేదు. అమ్మదలిస్తే రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది.

అచ్చుకి ముందు మొత్తం పుస్తకాన్ని ఎవరి కథో వారికి గట్టిగా చదివి వినిపించండి. అప్పుడు కూడా రికార్డర్ ఆన్‌లో ఉంచండి. "అది కాదురా, అసలేం జరిగిందంటే" అన్న మాట ఆ రోజే వస్తుంది.

12. దాచడం

మూడు ప్రతులు: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న చుట్టం దగ్గరో క్లౌడ్‌లోనో. ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టండి: 2025-03-14, పేరు, భాగం 2. "అమ్మమ్మ కొత్త ఫైనల్" లాంటి పేర్లు ఏడాదికి మీకే అర్థం కావు. పెన్‌డ్రైవు డ్రాయర్లో పడి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకోదు. ఏటా ఉగాదికి ప్రతి కాపీనీ తెరిచి, రెండు ఫైళ్ళు వినిచూసి, పాతబడితే కొత్తదానిలోకి ఎక్కించండి.

పుస్తకం కాపీలు మీ ఊరి గ్రంథాలయానికి, జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి. చివర రెండు పేజీలు ఖాళీగా వదిలి, పైన 'తప్పొప్పుల పట్టిక' అని వేయించండి. పంచిన వారంలో ఫోన్లు మొదలవుతాయి. ఎవరేం చెప్పారో తేదీతో సహా మీ కాపీలో రాసుకోండి.